హెచ్.ఐ.వి. పరీక్షకు మిత్రుని పిలుపు

కర్మాగారం చుట్టూ పెరిగిన ఊళ్ళలో ఎవరూ ఎవరికీ కొత్త కారు. జంషెడ్‌పూర్ అందుకు మంచి ఉదాహరణ. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడిన తరువాత సాక్చి అనే గ్రామం వద్ద వెలసి, 1919లో నేటి పేరు పొందిన ఆ పట్టణానికి ఉత్తరాంధ్ర నుండి అనేక తెలుగు కుటుంబాలు తరలివెళ్ళాయి. వారి సంతతి మూడు నాలుగు తరాలుగా అక్కడనే స్థిరపడి ఉన్నది. శ్రీరామనవమికి బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరంలో కలుసుకొనేవారే మర్నాడు బజారులోను, ఆ మరునాడు ఆసుపత్రి వరుసలోను ఎదురుపడతారు. కష్టకాలంలో ఈ సాన్నిహిత్యం కొండంత అండ. ఒక్క విషయంలో మాత్రం ఇదే అడ్డుగోడ అవుతుంది. ఆ విషయం హెచ్.ఐ.వి. పరీక్ష.

ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ యువకుని ఊహించండి. మనసులో ఒక అనుమానం ఉన్నది. పరీక్ష చేయించుకొంటే తీరిపోతుందని అతనికి తెలుసు. కాని రక్తం తీసే ఉద్యోగి తండ్రిగారి స్నేహితుడేమో, బల్లమీద కూర్చున్న ఆవిడ పక్క క్వార్టరులో ఉంటారేమో. అతడు భయపడుతున్నది వ్యాధికి కాదు, చూసే కళ్ళకు. వాయిదా వేస్తూ పోతాడు. మన ఉక్కునగరాలలోను, గనుల కాలనీలలోను పరిస్థితి ఇందుకు భిన్నమని అనుకోలేము.

వాయిదాకు మూల్యం పెద్దది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. వయోజనులలో వ్యాప్తి జాతీయ సగటు 0.21 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. జార్ఖండ్‌లో ఇది జాతీయ సగటుకన్న తక్కువే. అయితే తక్కువ ఉన్నచోట అనుమానం కూడ తక్కువగానే కలుగుతుంది. వైరస్ సోకిన ప్రతి నూరుమందిలోను సుమారు 80 మందికి మాత్రమే ఆ సంగతి తెలుసునని ఇటీవలి జాతీయ లెక్కలు చెబుతున్నాయి. మిగిలినవారు చికిత్సకు దూరంగా ఉండిపోతున్నారు. తమకు తెలియకుండానే భాగస్వామికి, పుట్టబోయే బిడ్డకు కూడ ప్రమాదం కలిగిస్తున్నారు.

పరీక్ష మాత్రం చాల సులువైనది. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులలోను, జిల్లా ఆసుపత్రులలోను ఉండే సమీకృత సలహా, పరీక్షా కేంద్రాలలో దీనిని ఉచితంగా చేస్తారు. ముందు సలహాదారు ఏకాంతంగా మాట్లాడతారు. తరువాత కొద్దిపాటి రక్తంతో పరీక్ష జరుగుతుంది. ఫలితం సాధారణంగా ఆనాడే తెలుస్తుంది. మొదటి పరీక్షలో వైరస్ ఉన్నట్లు సూచన వచ్చినంత మాత్రాన నిర్ధారించరు. వేరు వేరు కిట్లతో మరి రెండు పరీక్షలు చేస్తారు. వైరస్ సోకిన తొలి వారాలలో పరీక్షకు అందకపోవచ్చును గనుక, అవసరమైతే మూడు నెలలకు మళ్ళీ రమ్మంటారు. 2004 నుండి మందులు ఉచితం. 2017 నుండి, రోగనిరోధక కణాల సంఖ్య ఎంత ఉన్నదని చూడకుండ, నిర్ధారణ అయిన వెంటనే చికిత్స ప్రారంభిస్తున్నారు. క్రమం తప్పక మందు వాడి రక్తంలో వైరస్ కొలతకు అందనంతగా తగ్గినవారి నుండి లైంగిక సంబంధం ద్వారా అది ఇతరులకు సోకదని వైద్యశాస్త్రం నిర్ధారించింది. 1990వ దశకంలో గోడలమీద పుర్రె బొమ్మలు వేసి, ఎయిడ్స్ అంటే మరణమేనని భయపెట్టిన ప్రచారానికి ఈ సంగతులు తెలియవు. ఆ భయం మాత్రం ఇంకా మన ఇళ్ళలో మిగిలి ఉన్నది.

తరువాత కాలంలో ఆంధ్రదేశమంతటా పులిరాజా ప్రకటనలు వెలిశాయి. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అన్న ఆ ప్రశ్న గుర్తులేని తెలుగువారు ఆ తరంలో అరుదు. జనం నవ్వుకొన్నారు, మాట్లాడుకొన్నారు. అదీ ఒక మేలే. కాని గోడమీది ప్రశ్న ఊరందరిదీ. అది తన ప్రశ్న అని ఒక యువకునికి తోచాలంటే, తాను నమ్మే మనిషి నోట వినాలి.

ఈ సూత్రం కొత్తది కాదు. అమెరికాలో జెఫ్రీ కెల్లీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక చిన్న పట్టణంలో మద్యశాలల సిబ్బందిని అడిగి, అక్కడికి వచ్చేవారిలో పదిమంది మాట వినే వ్యక్తులను గుర్తించి, వారికి శిక్షణ ఇచ్చి, మిత్రులతో జాగ్రత్తలు చెప్పించారు. ఆ ఫలితాలు 1991లో వెలువడ్డాయి. నేటి యువకుల రచ్చబండ సెల్‌ఫోనులో ఉన్నది గనుక, అదే పద్ధతిని షాన్ యంగ్ బృందం లాస్ ఏంజిల్స్‌లో ఫేస్‌బుక్‌కు మార్చింది. పురుషులతో లైంగిక సంబంధాలు గల 112 మంది పురుషులు 12 వారాల పాటు రహస్య బృందాలలో పాల్గొన్నారు. ఒక వర్గంతో శిక్షణ పొందిన తోటివారు హెచ్.ఐ.వి. గురించి, మరొక వర్గంతో సాధారణ ఆరోగ్యం గురించి ముచ్చటించారు. 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మొదటి వర్గంలోని 57 మందిలో 25 మంది ఇంటివద్ద పరీక్ష చేసుకొనే కిట్ కోరగా, రెండవ వర్గంలోని 55 మందిలో 11 మందే కోరారు.

ఇక్కడ ఒక చిన్న సంగతిని దాటవేయరాదు. కిట్ కోరిన ఆ 25 మందిలో పరీక్ష పూర్తిచేసి నమూనా తిరిగి పంపినవారు తొమ్మిదిమంది మాత్రమే. కోరిక వేరు, గడప దాటడం వేరు. తరువాత పెరూ రాజధాని లీమాలో ఇదే పద్ధతిని మరింత విస్తృతంగా అమలుచేసినపుడు తోటివారి బృందాలలో 17 శాతం మంది, మిగిలినవారిలో 7 శాతం మంది పరీక్ష చేయించుకొన్నారు. రెట్టింపుకు మించిన తేడాయే. అయినా నూరింట 83 మంది వెళ్ళలేదు. ఫోను తలుపు వరకు తీసుకువెళుతుంది. లోపల మర్యాద, రహస్యం, మందు ఉంటేనే ఆ ప్రయాణానికి అర్థం.

మన దేశంలోను జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం 5వ దశలో, ఫోను ద్వారానే పరిచయాలు ఏర్పరచుకొంటూ క్షేత్రసిబ్బందికి కనబడని వారిని చేరాలన్న లక్ష్యాన్ని చేర్చారు. వయోజనులు పరస్పర అంగీకారంతో జరిపే స్వలింగ సంబంధాలు నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంతకు ముందు చట్టానికి జడిసి సలహాదారుతో నోరు విప్పని యువకులకు అది కొంత ధైర్యం ఇచ్చింది. చట్టానికి జడవనివారు కూడ అమ్మకు, నాన్నకు జడుస్తారన్నది వేరే మాట.

జంషెడ్‌పూర్ వంటి పట్టణంలో ఆ నమ్మదగిన మిత్రుడు ఎవరు కావాలి? వైద్యుడే కానక్కరలేదు. ఫుట్‌బాల్ మైదానంలో పదిమందిని కూడగట్టేవాడు, ఐ.టి.ఐ.లో ఒక సంవత్సరం ముందున్నవాడు, వినాయక చవితి పందిరి బాధ్యత మోసేవాడు కావచ్చును. ఇంట తెలుగు, వీధిలో హిందీ మాట్లాడి, తెలుగు లిపి చదవలేని పిల్లలకు అచ్చు కరపత్రం కన్న, తమ యాసలో చెప్పిన నిమిషం నిడివి గల మాట సులభంగా అందుతుంది. “మొన్న నేను వెళ్ళొచ్చానురా. డబ్బు అడగలేదు. తోడు కావాలంటే నాకు విడిగా రాయి” అన్న రెండు ముక్కలు చాలు. ఊరిలో వెళ్ళడానికి మొహమాటపడితే రాంచీ వెళ్ళి చేయించుకొన్నా తప్పులేదు.

ఆ మాటలో అన్నిటికన్న ముఖ్యమైనది “విడిగా” అన్నది. నమ్మకాన్ని మోసే బృందమే పుకారును కూడ మోస్తుంది. ఫలానా అబ్బాయి ఫలానా కేంద్రం వద్ద కనిపించాడన్న ఒక్క ఫొటో, ఒక్క స్క్రీన్‌షాట్ పదేళ్ళ ప్రచారాన్ని నీళ్ళపాలు చేయగలదు. అందువల్ల పిలుపు అందరికీ ఇవ్వవచ్చును గాని, ప్రశ్నలు, ఫలితం బృందంలోకి రాకూడదు. ఎవరు వెళ్ళారని లెక్క అడగరాదు. ఫలితం మంచిదే అయినా అభినందనలు తెలుపరాదు. ఈసారి అభినందన అందనివాని సంగతేమిటని పదిమందీ ఆలోచిస్తారు కదా!

ఉద్యోగం పోతుందేమోనన్న భయానికి చట్టం సమాధానం చెప్పింది. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం వ్యక్తి సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు. ఉద్యోగానికి ఈ పరీక్షను షరతుగా పెట్టరాదు. వ్యాధి కారణంగా వివక్ష చూపరాదు, వివరాలు వెల్లడించరాదు. నూరుమంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలలో ఫిర్యాదులు స్వీకరించే అధికారిని నియమించాలి. మన విభాగాలలో ఆ అధికారి ఎవరో నోటీసు బోర్డుమీద కనబడేలా ఉంచితే, ఎవరూ అడగకుండానే చాలమందికి జవాబు దొరుకుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. అబ్బాయి చొక్కా జేబులో పరీక్షా కేంద్రం చీటీ కనిపిస్తే దానిని తప్పుకు సాక్ష్యంగా భావించకండి. జాగ్రత్తపడుతున్నాడని గ్రహించి, చీటీని ఉన్నచోటనే ఉంచండి. అతడే చెప్పదలచుకొన్నపుడు వినండి. మీకే సందేహాలు ఉంటే 1097 అనే జాతీయ సహాయవాణికి ఫోను చేయవచ్చును. దానికి రుసుము లేదు.