కారు మెలకువగా ఉంటే చాలదు!

లేన్ దాటితే హెచ్చరిస్తుంది. ముందు ఏదైనా అడ్డొస్తే తనే బ్రేకు వేస్తుంది. కొత్త కార్లలో ఈ సదుపాయాలు మంచివే. కానీ నడిపేవారి నిద్రలేమినీ, షుగర్‌నూ, చూపునూ అవి సరిచేయలేవు.

సంక్రాంతి ముందు ఓ తెల్లవారుజామున మా క్యాజువాలిటీకి యాభై రెండేళ్ల ఆయన్ని తీసుకొచ్చారు. హైదరాబాద్ నుంచి రాత్రంతా తానే కారు నడుపుకుంటూ రేపల్లె వస్తున్నారు. తెనాలి దాటాక కారు రోడ్డు దిగి, పొలంలోని వరికుప్పను గుద్దుకుని ఆగింది. ఆ కుప్పే లేకపోతే పక్కన పంట కాలువ! సీటు బెల్టు పెట్టుకోబట్టి రెండు పక్కటెముకలు విరగడంతో బయటపడ్డారు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే షుగర్ 48. రాత్రి షుగర్ మాత్ర వేసుకుని, ‘దారిలో తిందాంలే’ అని భోజనం మానేశారట. “హైవే అంతా కారే లేన్ పట్టుకుని వచ్చిందండీ డాక్టరుగారూ” అన్నారు. విశ్రాంతి తీసుకోమని తెర మీద మూడుసార్లు కాఫీ కప్పు బొమ్మ వచ్చిందట. ఆ మోత భరించలేక అలారం ఆపేశారట.

సాయమే.. సారథి కాదు

‘అడాస్’ అంటే డ్రైవరుకు సాయపడే వ్యవస్థ. అద్దం వెనక కెమెరా, ముందు రాడార్ సాయంతో పనిచేస్తుంది. కార్ల ఆటోమేషన్‌ను 0 నుంచి 5 వరకు స్థాయిలుగా లెక్కిస్తారు. మన దగ్గర కుటుంబాలు కొంటున్న కార్లలో ఉన్నది 2వ స్థాయి వరకే. అంటే స్టీరింగు, బ్రేకు విషయంలో కారు కాస్త సాయపడుతుంది. కళ్లు, బాధ్యత మాత్రం పూర్తిగా మీవే.

లేన్ కెమెరాకు రోడ్డు మీది గీతలే ఆధారం. హైవే దిగి తెనాలి, రేపల్లె, బాపట్ల పల్లె దారుల్లోకి వస్తే చాలాచోట్ల గీతలే ఉండవు. సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, వెనక లైటు లేని గడ్డి ట్రాక్టరు, గేదెలు, ధనుర్మాసపు పొగమంచు ఎదురవుతాయి. మంచులో, వానలో, బురద పడినప్పుడు కెమెరా సరిగా పనిచేయకపోవచ్చని కారుతో ఇచ్చే పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. అప్పటికే మీ కాలు, మనసు గంటల తరబడి విశ్రాంతికి అలవాటు పడి ఉంటాయి. పని తగ్గేకొద్దీ మెదడు మగతలోకి జారుతుంది. జాగ్రత్త ఎక్కువగా కావాల్సిన చోటే మనం తక్కువ జాగ్రత్తతో ఉంటాం.

కారు కనిపెట్టలేనివి

నిద్రలేమి: 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా.కు మించి ఆల్కహాల్ ఉంటే మన చట్టం ప్రకారం నేరం. 17 గంటలు వరసగా మేల్కొన్న మనిషి పనితీరు 50 మి.గ్రా. ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. ఉదయం 5కి లేచి ఆఫీసు ముగించుకుని, రాత్రి 10కి స్టీరింగు పట్టేవారు ఆలోచించాలి. 80 కి.మీ. వేగంలో నాలుగు సెకన్లు కునుకు పడితే కారు దాదాపు 90 మీటర్లు వెళ్లిపోతుంది. నిద్ర అలారం మోగేది కూడా మగత మొదలయ్యాకే.

షుగర్ పడిపోవడం: ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి మందులు వాడేవారు భోజనం మానేస్తే చెమట, వణుకు, తికమక, చూపు మసకబారడం మొదలవుతాయి. తికమకలో ఉన్నామన్న సంగతి వారికే తెలియదు.

జలుబు మాత్రలు: సిట్రజిన్, క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మందులు మగత తెస్తాయి.

గురక: పెద్దగా గురక పెడుతూ, పగలు కూర్చున్నచోటే కునికేవారికి స్లీప్ అప్నియా ఉండొచ్చు. పరీక్ష చేయించుకోవాలి.

చూపు తెర మీద.. కారు కాలువ వైపు

60 కి.మీ. వేగంలో రెండు సెకన్లు తెర వైపు చూస్తే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. ఏసీ తగ్గించడానికీ తెరే నొక్కాల్సి రావడం ఈ కార్లలో పెద్ద ఇబ్బంది. అందుకే ఐరోపాలో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్, 2026 నుంచి హారన్, వైపర్లు, ఇండికేటర్ల వంటివాటికి చేతికి తగిలే బటన్లు, మీటలు ఉండాలంటోంది. వయసు నలభై దాటితే వెలుతురు తెర నుంచి చీకటి రోడ్డుకు చూపు సర్దుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది.

ఫోన్ మ్యాపునూ గుడ్డిగా నమ్మకూడదు. 2024 మేలో కేరళ వెళ్లిన హైదరాబాద్ పర్యాటకుల కారు, మ్యాపు చూపిన దారిలో వెళ్లి కొట్టాయం జిల్లాలో వాగులో మునిగింది. అదృష్టం కొద్దీ నలుగురూ బతికారు. కాలువ కట్టలే దారులైన మన డెల్టాలో రాత్రిపూట ఇది మరింత ప్రమాదం. సూర్యలంక బీచ్‌కు కొత్తగా వచ్చేవారు టీ కొట్టు దగ్గర ఆగి దారి అడగడం నామోషీ కాదు.

బయలుదేరే ముందు..

* ముందు రాత్రి 7 గంటలైనా నిద్రపోవాలి. వీలైతే అర్ధరాత్రి నుంచి తెల్లవారే వరకు ప్రయాణం మానుకోవాలి.
* షుగర్ మందులు వాడేవారు బయలుదేరే ముందు, ఆపై రెండు గంటలకోసారి పరీక్షించుకోవాలి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తినాలి. 70లోపు ఉంటే నడపకూడదు. గ్లూకోజ్ తీసుకుని, షుగర్ మామూలుకు వచ్చాక కూడా 45 నిమిషాలు ఆగాలి.
* ఆవలింతలు వస్తే కారును సురక్షితమైన చోట ఆపి, కాఫీ తాగి, 20 నిమిషాలు కునుకు తీయాలి. అద్దం దించడం, పాటలు పెంచడం నిద్రకు మందు కాదు.
* మ్యాపు, ఏసీ, పాటలు కారు కదలకముందే సర్దుకోవాలి. రాత్రి తెర వెలుతురు తగ్గించాలి.
* సీటు బెల్టు అలారాన్ని ఆపే క్లిప్పులు వాడొద్దు. ఆన్‌లైన్‌లో వాటి అమ్మకాన్ని ఆపాలని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించింది. బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే దానివల్లే గాయాలు కావచ్చు.

ఆయన డిశ్చార్జి అయ్యే రోజు భార్య అడిగారు, “ఇంకా మంచి కారు కొనాలంటారా డాక్టరుగారూ?” అని. అక్కర్లేదమ్మా అన్నాను. వేళకు భోజనం, కంటినిండా నిద్ర, పక్క సీట్లో మేలుకుని మాట్లాడుతూ ఉండే మనిషి ముఖ్యం. కారు కొనేటప్పుడు ఫీచర్లు అడుగుతాం కదా, అలాగే తాళం చెవి తీసే ముందు ఇంట్లోవాళ్లు ఒక్క మాట అడగండి: “తిన్నారా? నిద్రపోయారా?”