ఎలుకకు అతికింది, మనిషికి అతుకుతుందా?

కామారెడ్డి: నాట్ల వేళ బురదలో కాలు జారినా, కబడ్డీలో మోకాలు మెలిపడినా ఎల్లారెడ్డి వైపు వారు బస్సెక్కి కామారెడ్డి ఎముకల డాక్టరు వద్దకు రావడం మామూలే. ఆరు వారాలు కదలొద్దంటే కూలి మనిషికి ప్రాణసంకటం. ఇలాంటి వారిని ఊరించే మందు ఇప్పుడు సెల్‌ఫోన్లలో కనబడుతోంది. అదే పెప్టైడ్ సూది.

పెప్టైడ్ అంటే మాంసకృత్తుల చిన్న ముక్క. అన్నీ బూటకం కావు. షుగరు రోగులు వేసుకునే ఇన్సులిన్ ఆ జాతిదే, 1922 నుంచి ప్రాణాలు నిలుపుతోంది. గుల్లబారిన ఎముకలకిచ్చే టెరిపారటైడ్‌ను 1,600 మందికి పైగా స్త్రీలపై పరీక్షించాకే 2002లో అమెరికా అనుమతించింది.

గాయం త్వరగా మాన్పుతుందంటున్న బి.పి.సి.-157 సంగతి వేరు. తెగిన కండర బంధాలు త్వరగా అతికాయన్నది ఎక్కువగా ఎలుకల్లోనే. మనుషులపై చెప్పుకోదగ్గ పెద్ద పరీక్ష జరగలేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022లో దీన్ని నిషేధిత జాబితాలో చేర్చింది. పరీక్షలో పట్టుబడితే కబడ్డీ కుర్రాడికి కాలు సంగతి ఎలా ఉన్నా ఆట పోతుంది.

అమ్మేవారు మాత్రం తెలివైనవారే. చాలా సీసాలపై ‘పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు’ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. సూదికి ముందు ఆ సీసాను సర్కారు దవాఖానా డాక్టరుకు చూపించి చదివించుకోవచ్చు.