"ఏపీ స్ట్రెయిన్" ఏమైపోయింది?

2021 మే నెల గుర్తుందా? సెకండ్ వేవ్ మధ్యలో "ఏపీ స్ట్రెయిన్" అనే మాట వాట్సాప్ అంతా తిరిగింది. కర్నూలులో పుట్టిందట, మామూలు వైరస్ కన్నా 15 రెట్లు ప్రమాదమట! ఢిల్లీ ప్రభుత్వమైతే ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్ళని 14 రోజులు క్వారంటైన్‌లో ఉండమంది. మా ఇంట్లోనూ ఆ మెసేజ్ చూసి భయపడ్డాం. తర్వాత ఆ స్ట్రెయిన్ ఏమైందో మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. ఈ మధ్య నేనే వెతికి చదివాను.

మనకి బాగా తెలిసిన పనితో మొదలుపెడతాను: ల్యాబ్ రికార్డు. సీనియర్ రికార్డు చూసి ఒకడు రాస్తాడు, వాడిది చూసి ఇంకో ముగ్గురు. మధ్యలో ఒకడు 0.47 బదులు 0.41 అని రాస్తే, వాడి తర్వాత అందరి రికార్డుల్లోనూ 0.41 ఏ. ఆ తప్పుల్ని బట్టి ఎవరు ఎవరిది కాపీ కొట్టారో సార్ చెప్పేయగలరు. సైంటిస్టులు వైరస్ వంశవృక్షం గీసేది కూడా ఇలాగే.

కరోనా జీనోమ్ అంటే దాదాపు 30,000 అక్షరాల ఆర్ఎన్ఏ. మన కణంలో దూరి అది కాపీలు తీయించుకుంటుంది. తప్పులు దిద్దే ఎంజైము కూడా దానికి ఉంది. ఫ్లూ వైరస్‌కి ఆ సదుపాయం లేదు. అయినా కొన్ని తప్పులు జారిపోతాయి. ఒక వంశంలో నెలకి సుమారు రెండు మార్పులు నిలబడతాయి. చాలావాటి వల్ల వైరస్‌కి లాభమూ లేదు, నష్టమూ లేదు. నష్టం చేసేవి ఎక్కువ దూరం పోవు.

"ఏపీ స్ట్రెయిన్" అన్నదాంట్లో అందరూ చెప్పుకున్న మార్పు పేరు ఎన్440కె. స్పైక్ ప్రోటీన్‌లో 440వ స్థానంలో ఆస్పరజీన్ పోయి లైసీన్ వచ్చింది. దానికి ఒక్క అక్షరం మారితే చాలు. ల్యాబులో పెంచిన కణాల్లో ఈ రకం ఎక్కువగా పెరిగిన మాట నిజమే. కానీ ఊళ్ళల్లో ఏం జరుగుతోందన్నది వేరే లెక్క. ఆ మే నెలలోనే హైదరాబాద్ సీసీఎంబీ సైంటిస్టులు చెప్పారు: ఎన్440కె తగ్గిపోతోంది, దాని చోటులోకి బి.1.617 వస్తోంది అని. అందులో ఒక శాఖే మనం తర్వాత డెల్టా అన్నది.

మళ్ళీ రికార్డు దగ్గరికి రండి. హాస్టల్లో ఒక ఫ్లోర్ అంతా ఒకే రికార్డు తిరిగిందంటే అది గొప్పదని కాదు, ముందు అక్కడికి చేరిందేమో. ఇంకా తొందరగా చేతులు మారే రికార్డు పక్క బ్లాక్ నుంచి వస్తే పాతది మూలన పడుతుంది. మార్పు రావడం యాదృచ్ఛికం. నిలబడేది మాత్రం ఇంకొకరికి వేగంగా చేరగలిగింది. ఎంతమందిని చంపుతుందన్నది ఆ పోటీలో నేరుగా లెక్కలోకి రాదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. 2021 నవంబర్ 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్‌కి పేరు పెట్టింది. దాని స్పైక్‌లో 30కి పైగా మార్పులున్నాయి. వాటిలో ఒకటి... ఎన్440కె! అలాగని ఒమిక్రాన్ మన దగ్గరి ఆ పాత రకానికి వారసురాలు కాదు. వేరే వంశంలో అదే అక్షరం మళ్ళీ విడిగా మారింది. ఈ మార్పు కొన్ని రకాల యాంటీబాడీల నుంచి వైరస్ తప్పించుకోవడానికి పనికొస్తుంది. 2021 చివరికి వ్యాక్సిన్ వల్లో, ఒకసారి జబ్బు చేసి తగ్గడం వల్లో చాలామందిలో యాంటీబాడీలున్నాయి. పైగా ఈసారి దానికి తోడుగా ఇంకో 30 మార్పులున్నాయి. అదే అక్షరం, కానీ పరిస్థితి వేరు.

అందుకే ఈసారి ఫలానా ఊరి స్ట్రెయిన్ అని మెసేజ్ వస్తే నేను రెండు విషయాలు చూస్తాను. పక్కనున్న రకాలతో పోలిస్తే దాని వాటా పెరుగుతోందా, తగ్గుతోందా? "15 రెట్లు" అన్నది ల్యాబు కణాల్లోనా, మనుషుల్లోనా? ఈ రెండిటికీ జవాబు లేకపోతే ఫార్వర్డ్ చెయ్యను. ఆ రోజు అలా ఆగి ఉంటే కర్నూలు పేరు ఊరికే పాడయ్యేది కాదు.