తాలు ఏరిన ఊళ్లో వెలుగు ఏరివేత

మాఘం వెళ్లేసరికి తుళ్లూరు చుట్టుపక్కల కల్లాల్లో మిరప ఎర్రగా పరుచుకునేది. తలకు గుడ్డ చుట్టుకున్న ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు ఏరేవారు. నిండు ఎరుపు ఒక కుప్ప, తెల్లబారిన కాయ మరో కుప్ప. గుంటూరు యార్డులో తాలుకు వేరే ధర మరి. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగాక ఈ నల్లరేగడిలో చాలాచోట్ల కల్లాలు పోయాయి, రోడ్లు వచ్చాయి. రంగు చూసి ఏరే పని మాత్రం పోలేదు. టీవీ పక్కన పెట్టిన ఇంటర్నెట్ పెట్టెలోకి మారిందంతే.

ఇదే మండలంలోని వెలగపూడిలో 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌గ్రిడ్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నారు. నేల తవ్వితే ఖర్చు తడిసి మోపెడవుతుందని కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. అందులోని వెంట్రుకంత గాజు పోగులో రెండు వెలుగులు ఎదురెదురుగా నడుస్తాయి. వాటి రంగును తరంగదైర్ఘ్యంతో చెబుతారు: ఇంటికొచ్చేది 1490 నానోమీటర్లు, ఇంటినుంచి వెళ్లేది 1310. రెండూ కంటికి ఆనవు. పెట్టెలోని ఫిల్టర్ వాటిని విడదీస్తుంది.

ఆ ఫిల్టర్‌కు తెలిసింది ఒకటే ఏరివేత. తాలు ఏరే చేయి అలా కాదు, ఆసామి చెప్పినదాన్ని బట్టి కుప్ప మారుస్తుంది. అలా చెప్పిన మాట వినేవే ట్యూనబుల్ ఫిల్టర్లు. 1978లో కెనడాలో కెన్నెత్ హిల్ బృందం గాజు పోగు లోపలే లేజరు వెలుగుతో సన్నని గీతలు పడేట్టు చేసింది. ఆ గీతల మధ్య ఎడాన్ని బట్టి ఒక్క రంగు వెనక్కి తిరుగుతుంది, తక్కినవి ముందుకు పోతాయి. పోగును కాస్త సాగదీస్తే వెనక్కి తిరిగే రంగు మారుతుంది. వేడి చేసినా మారుతుంది, డిగ్రీకి సుమారు 0.01 నానోమీటరు.

ఇంతేనా అనుకోకండి. తెల్లవారుజాము చలికీ, మిరప ఎండే ఎండలో కాగిన ఇనుప పెట్టెకూ 40 డిగ్రీల తేడా వేసుకోండి. రంగు 0.4 నానోమీటరు జరుగుతుంది. పెద్ద లైన్లలో రంగుకూ రంగుకూ మధ్య ఉంచే ఎడం చాలాచోట్ల 0.8 మాత్రమే! అందుకే కదలకూడని చోట వేడికి విరుగుడు అమర్చి పెడతారు, మార్చాల్సిన చోట అదే వేడిని కొలిచి ఇస్తారు.

ఎన్‌జీ-పాన్2 అనే ప్రమాణంలో ఈ విద్య ఇంటి పెట్టెదాకా వస్తుంది. ఒకే పోగులో నాలుగు రంగులు దిగుతాయి. ఒకదాని మీద రద్దీ పెరిగితే పెట్టె మరోదానికి మారుతుంది, మనిషి రానక్కర్లేదు. గాలివానకు స్తంభం ఒరిగితే మాత్రం నిచ్చెన వేసుకుని ఎవరో ఒకరు రావాల్సిందే.