కరెంటు ఉచితమే... కట్టేదెవరు?

2004 ఎన్నికల్లో ఊరూరా అదే చర్చ. గెలిపిస్తే వ్యవసాయానికి ఉచిత కరెంటు అన్నారు వై.ఎస్.రాజశేఖరరెడ్డి. 'డబ్బులెక్కడివి?' అన్నారు ప్రత్యర్థులు. తీగల మీద బట్టలారేసుకోవాల్సిందేనన్న ఎద్దేవా చాలామందికి ఇంకా గుర్తే.

ప్రశ్న తీసిపారేసేది కాదు. 1999లో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడదీశారు. 2000లో చార్జీలు పెంచితే జనం రోడ్డెక్కారు. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ప్రాణాలే పోయాయి. అలాంటిచోట అసలు బిల్లే వద్దంటే, ఎవరు కడతారని అడగరూ!

మే 14న ముఖ్యమంత్రిగా వై.ఎస్. తొలి సంతకం ఆ ఫైలు మీదే పెట్టారు. కట్టేదెవరో మాత్రం 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ అప్పటికే చెప్పేసింది. రాయితీ ఇవ్వదలిస్తే ఆ సొమ్మును ప్రభుత్వమే పంపిణీ సంస్థలకు ముందుగా చెల్లించాలి. అంటే ఖజానా నుంచే. మనం సబ్బు కొంటే కట్టే పన్నూ అందులోదేనండోయ్! హామీలకు డబ్బెలా తెస్తారో మ్యానిఫెస్టోలో స్థూలంగానైనా చెప్పాలని ఎన్నికల సంఘం నిబంధన పెట్టింది 2014లో.

రైతు ప్రశ్న వేరు. ఎన్ని గంటలిస్తారు, ఎప్పుడిస్తారు? కరెంటు అర్ధరాత్రి వస్తే టార్చిలైటు పట్టుకుని, పాములకు భయపడుతూ మోటారు దగ్గరికి పోవాలి. వోల్టేజీ చాలక మోటారు కాలిపోతే వైండింగ్ ఖర్చు ఎటూ అతనిదే.