మిద్దె మీది సోలారుకు ఒక లెక్కల పుస్తకం

సావనీరుకు సైన్సు వ్యాసమొకటి వ్రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, అణువుల జోలికీ అంతరిక్షం జోలికీ పోకుండా మిద్దె మీదికే పోదామనుకున్నాను. 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చాక మన వీధుల్లో సోలారు ఫలకాలు చూడనివారుండరు. మూడు కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ అని ప్రకటించింది. మిగతా సొమ్ముకు చాలామంది బ్యాంకు అప్పు తీసుకున్నారు. ఆ అప్పు వాయిదా తీరవలసింది కరెంటు బిల్లులో మిగిలే డబ్బుతోనే. మరి ఫలకాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకునేవారు ఎందరు?

ఫ్యాను చెడితే చెమట పడుతుంది. మోటారు చెడితే ట్యాంకు ఎండుతుంది. సోలారు చెడితే ఏమీ కాదు! ఇంట్లో దీపాలు మామూలుగానే వెలుగుతుంటాయి. లోటునంతా లైను కరెంటు చప్పుడు చేయకుండా పూడుస్తుంది. బిల్లు చూస్తే తెలియదా అంటారేమో, పూర్తిగా తెలియదు. నెట్ మీటరు లెక్కించేవి రెండే: లైను నుంచి మనం తీసుకున్నది, లైనుకు మనం పంపినది. పగటిపూట ఫలకాల నుంచి నేరుగా ఇంట్లో ఖర్చయిన కరెంటు దాని కంటపడదు. పంపినది తగ్గిందంటే ఫలకాలు బద్ధకించాయో, సెలవులకొచ్చిన మనవలు పగలంతా ఏసీ వేశారో బిల్లు చెప్పలేదు.

కాబట్టి మొదటి పరికరం నోటుపుస్తకం. ఇన్వర్టరు తెర మీద ఆ రోజు తయారైన యూనిట్లు కనిపిస్తాయి. చీకటి పడకముందే వ్రాసుకుని, దాన్ని ఫలకాల కిలోవాట్లతో భాగించాలి. మన తెలుగునేల మీద ఏడాది సగటున కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు రావాలి. మూడు కిలోవాట్లకు పన్నెండన్నమాట. మార్చి, ఏప్రిల్‌లో ఇంకా ఎక్కువ, జూలై, ఆగస్టు మబ్బుల్లో తక్కువ.

ఇక్కడే చిక్కు. తక్కువ వచ్చిన రోజున తప్పు మబ్బుదా, యంత్రానిదా? ఇది తేల్చడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా చవకైన పరికరం పక్కింటివారు! మబ్బు రెండిళ్లకూ ఒక్కటే గదా. పదిరోజులు వరసగా కిలోవాటుకు వారికి నాలుగు, మనకు మూడు వస్తే అది మబ్బు కాదు.

మా మామయ్యగారి ఊళ్లో ఇట్లాగే జరిగింది. ఉత్పత్తి తగ్గిందంటే, "మబ్బులండీ, ఈ నెలంతా ఇంతే" అన్నాడు అమర్చిన మనిషి. వీధి మొదట్లో ఉన్న ఇంటి అంకెలు మామయ్య అంకెల పక్కన వ్రాసి చూపించాను. తరువాత మిట్టమధ్యాహ్నం ఇన్వర్టరు దగ్గర నిలబడితే సంగతి బయటపడింది. లైను ఓల్టేజి హద్దు దాటి ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతోంది, కాసేపటికి మళ్లీ మొదలౌతోంది. మామయ్యది లైను చివరి ఇల్లు. సోలారున్న వాళ్లందరూ ఒక్కసారే కరెంటు పంపే వేళ అక్కడ ఓల్టేజి పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు ట్యాపు మార్చాక సర్దుకుంది. "నువ్వు పుస్తకం పెట్టకపోతే రోజూ ఫలకాలు కడుక్కుంటూ కూర్చునేవాణ్ణిరా అల్లుడూ" అన్నాడు మామయ్య.

పక్కింట్లో సోలారు లేకపోతే ఎట్లా? ఫిజిక్సు ల్యాబు పద్ధతి ఒకటుంది. ఎండ తీవ్రతను కొలిచే అసలు పరికరం పైరనోమీటరు, దాని ధర మనబోటివారికి అందదు. బదులుగా పది వాట్ల చిన్న ఫలకం, పది ఆంపియర్ల డీసీ కొలిచే మామూలు మల్టీమీటరు చాలు. ఫలకం రెండు తీగలనూ మీటరుకు తగిలిస్తే వచ్చే షార్ట్ సర్క్యూట్ కరెంటు ఎండతోపాటే పెరుగుతుంది, తగ్గుతుంది. ఫలకం వెనక చీటీ మీద 0.60 ఆంపియర్లని ఉందనుకోండి. అది చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండకు. మనకు 0.48 వస్తే ఎండ 800 వాట్లన్నమాట. చిన్న ఫలకాన్ని తుడిచి, పెద్దవాటి వాలులోనే పెట్టాలి. ఈ ప్రయోగం మిద్దె మీది పెద్ద ఫలకాలతో మాత్రం చేయకండి. అక్కడ వందల ఓల్టుల డీసీ ఉంటుంది, ప్రాణం పోతుంది.

మూడు కిలోవాట్లలో 80 శాతమంటే 2,400 వాట్లు. అంతా రాదు. ఫలకానికి వ్రాసిన శక్తి 25 డిగ్రీల వేడి దగ్గరిది. ఆపైన ప్రతి డిగ్రీకీ శాతంలో మూడోవంతుకు పైగా పోతుంది. వేసవిలో ఫలకం 60 డిగ్రీలకు చేరితే దాదాపు ఎనిమిదోవంతు గోవిందా. ఇన్వర్టరులో, తీగల్లో, దుమ్ములో ఇంకొంత పోతుంది. నూటికి ఎనభై పాళ్లు, అంటే సుమారు 1,900 వాట్లు వస్తే ఆరోగ్యంగా ఉన్నట్టే.

నిజంగా వస్తున్నదెంతో ఇన్వర్టరు మాట మీదే ఆధారపడనక్కరలేదు. సోలారుకు విడిగా మీటరుంటే దాని మీద ఒక ఎర్రదీపం మిణుకుమంటుంటుంది. పక్కనే 3200 అని ఉంటే, అన్ని మిణుకులకు ఒక యూనిట్టని అర్థం. చేతిగడియారం పట్టుకుని పది మిణుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 11,250ని ఆ సెకన్లతో భాగించండి. ఆరు సెకన్లయితే 1,875 వాట్లు, పైన వేసిన లెక్కకు దగ్గరే. మీటరు మీద 1600 ఉంటే 11,250 బదులు 22,500 తీసుకోవాలి.

ఫోను యాప్‌లుండగా ఈ తంటా ఎందుకనేవారున్నారు. యాప్ మంచిదే, కాని ఇంట్లో వై-ఫై పాస్‌వర్డు మార్చిన రోజు నుంచి అది మూగబోతుంది. ఎలక్ట్రానిక్సు మిత్రులైతే ఈఎస్‌పీ-32 బోర్డుకు కాంతి సెన్సరు కలిపి, ఆ ఎర్రదీపం ఎదుట అతికించి మిణుకులను దానిచేతనే లెక్కపెట్టించవచ్చు. మీటరు సీలు జోలికి మాత్రం పోవద్దు.

లోటు తేలితే ముందు దుమ్ము, పావురాల రెట్టలు చూడండి. కడగడం తెల్లవారుజామునే. కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలవచ్చు, ఉప్పు బోరునీళ్లయితే మరకలు కడతాయి. తరువాత నీడ. ఫలకాలన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి గనుక కొబ్బరి మట్ట నీడ చిన్నదే అయినా దెబ్బ పెద్దది. ఏటేటా పాతబడి తగ్గేది అరశాతం దగ్గరే, కాబట్టి ఒక్కసారిగా పదిశాతం పడిపోతే అది వయసు కాదు. ఈ పథకంలో అమర్చినవారే అయిదేళ్లు నిర్వహణ చూడాలి. ఫిర్యాదు వ్రాసేటప్పుడు నెలరోజుల పట్టిక, పక్కింటి అంకెలతో సహా జతచేయండి.