కాకతాళీయమా, ఒకే పేలుడా?

2017 ఆగస్టు 17, మన గడియారాల్లో సాయంత్రం 6 గంటల 11 నిమిషాలు. అమెరికాలోని లైగో పరికరాలు దాదాపు 100 సెకన్లపాటు సాగిన గురుత్వ తరంగాన్ని పట్టాయి. అది ఆగిన 1.7 సెకన్లకు, భూమి చుట్టూ తిరుగుతున్న ఫెర్మి ఉపగ్రహానికి గామా కిరణాల మెరుపు ఒకటి తగిలింది. అది రెండు సెకన్లపాటు ఉండి ఆరిపోయింది.

రెంటికీ సంబంధం ఉందా? గామా మెరుపులు ఆకాశంలో ఏదో ఒక మూల దాదాపు రోజూ కనిపించేవే. అందుకే శాస్త్రవేత్తలు ముందు లెక్క వేసుకున్నారు. సమయమూ దిశా అంత దగ్గరగా కాకతాళీయంగా కలిసే అవకాశం రెండు కోట్లలో ఒక వంతు. అంటే పేలుడు ఒక్కటే: 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. అంత దూరం పరుగెత్తి వచ్చిన తరంగానికీ కాంతికీ రెండు సెకన్ల తేడా కూడా లేదు. గురుత్వ తరంగాలు కాంతి వేగంతోనే ప్రయాణిస్తాయనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అప్పటిదాకా లేదు.

తరంగం, కాంతి కలిసిన ఇలాంటి జంట సాక్ష్యం ఎందుకు కావాలంటే, గురుత్వ తరంగం ఢీకొన్నవాటి బరువునూ దూరాన్నీ చెబుతుంది కానీ చిరునామా సరిగ్గా చెప్పదు. లైగో, ఇటలీలోని వర్గో పరికరం కలిసి చూపించిన మేర నూటికి పైగా నిండు చందమామలు పట్టేంత ఆకాశం. అందులో వెతికి, 11 గంటల్లోపే చిలీలోని స్వోప్ టెలిస్కోపు ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో కొత్త వెలుగును పట్టుకుంది. బంగారం లాంటి బరువైన మూలకాలు ఇలాంటి ఢీల్లో తయారవుతాయనడానికి ఆ వెలుగే ఆధారమైంది.

శ్రీహరికోట నుంచి 2015లో ఎగిరిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం ఆ రోజు ఏమీ చూడలేదు. మూలానికీ దానికీ మధ్య భూమి అడ్డొచ్చింది! విచిత్రమేమిటంటే, అదీ ఒక ఆధారమే. చూడలేదంటే ఆ మెరుపు తనకు భూమి కప్పేసిన వైపు నుంచే వచ్చి ఉండాలి.

అదే ఏడాది జనవరిలో ఆస్ట్రోశాట్ ఇంకో చిక్కుముడి విప్పింది. జనవరి 4న రెండు కృష్ణబిలాలు కలిసిన తరంగం అందింది. ఆ దిశలోనే హవాయిలోని అట్లాస్ టెలిస్కోపుకు ఆరిపోతున్న ఒక వెలుగు కనిపించింది. జంట దొరికినట్టే అనిపించింది. తీరా ఆస్ట్రోశాట్ సమాచారం చూస్తే, ఆ వెలుగుకు కారణమైన గామా పేలుడు తరంగం వచ్చిన 21 గంటల తరవాత జరిగింది. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. 'కాదు' అని తేల్చడం పత్రికల పతాక శీర్షికలకు ఎక్కదు కానీ, ఈ వేటలో సగం పని అదే.

2019 ఏప్రిల్ 25న మరో న్యూట్రాన్ నక్షత్రాల జంట కలిసింది. ఈసారి వెతకాల్సిన మేర 8 వేల చదరపు డిగ్రీలు దాటింది. అందులో సగానికి దగ్గరగా ఫెర్మికి భూమే అడ్డు. నమ్మదగ్గ జంట ఏదీ తేలలేదు. ఈ అడ్డును తప్పించడానికే 'దక్ష' పేరిట రెండు ఉపగ్రహాలను భూమికి చెరో పక్కన తిప్పాలని భారత శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. చిరునామా కష్టం తగ్గించేందుకు మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియా నిర్మాణానికి 2023లో కేంద్ర మంత్రివర్గం రూ.2,600 కోట్లు మంజూరు చేసింది.